సగం పదును (తోలు చరిత్ర – ఏడవ భాగం)

పందొమ్మిదో శతాబ్దపు నడిమి దశకాల నుంచి మద్రాసు రేవులో ఓడకెక్కిన తోళ్లలో పెద్ద భాగం పచ్చితోళ్లూ కాదు, చెప్పులకో జీనులకో కత్తిరించి కుట్టుకునే తోళ్లూ కాదు. కుళ్లకుండా పదునెక్కి, రంగూ మెరుపూ ఇంకా పట్టక, లేత పసుపు వన్నెలో ఆగిపోయిన సరుకు అది. లండన్ వేలంపాటల్లో ఆవుతోళ్లయితే దీనిని ‘ఈస్టిండియా కిప్’ అనేవారు. కిప్ అంటే చిన్న పశువు తోలు, మన పశువుల తోళ్లు ఐరోపా పశువుల తోళ్లకంటే చిన్నవీ పలచనివీ కావడంతో ఆ పేరు స్థిరపడింది. వర్తకులు దీన్ని సగం పదును సరుకు అని లెక్కగట్టినా, శాస్త్రీయంగా చూస్తే అందులో పదును పూర్తిగానే ఉండేది. సగంలో ఆగింది పదును కాదు, ఆ తరువాత జరగవలసిన మెరుగు పని. పచ్చితోలు నుంచి జోడు దాకా సాగే పొడవాటి పనిలో సరుకును ఏ అంచె దగ్గర ఆపి అమ్మారు, ఎవరు ఆపించారు అన్న ప్రశ్నను పట్టుకుని నడిస్తేనే దక్షిణ భారత తోళ్ల పరిశ్రమ చరిత్ర అర్థమవుతుంది, కాబట్టి ముందు ఆ అంచెలేమిటో తెలియాలి.

పశువు ఒంటి మీది చర్మంలో మూడు పొరలు ఉంటాయి. పైన వెంట్రుకలతో కూడిన పలచని పొర, అడుగున కొవ్వూ కండా అంటుకున్న పొర, ఈ రెంటి నడుమ దట్టంగా అల్లుకున్న నారల పొర. తోలుగా మిగిలేది ఈ నడిమి పొర ఒక్కటే. దీని నారలు కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవి. పచ్చితోలు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే కనుక, పశువు చచ్చిన గంటల్లోనే క్రిములు పని మొదలుపెడతాయి; తోలును అలాగే ఎండబెడితే కుళ్లదుగాని, చెక్కలా బిగుసుకుపోయి, తడి తగిలినప్పుడు మళ్లీ కుళ్లడం మొదలుపెడుతుంది. తడిసినా కుళ్లనితనం, ఎండినా వంగేతనం అనే రెండు గుణాలను ఆ నారలకు శాశ్వతంగా కల్పించడమే పదును. మిగతా పనులన్నీ దానికి ముందు జరిగే శుద్ధో, తరువాత జరిగే సింగారమో అవుతాయి.

శుద్ధి ఉప్పుతో మొదలవుతుంది. తోలు ఒలిచిన చోటు నుంచి, పదును చేసే కార్ఖానా అయిన టానరీకి చేరేదాకా చెడిపోకుండా లోపలి వైపు ఉప్పు దట్టించి దొంతరగా పేరుస్తారు. వంద కిలోల పచ్చితోలుకు నలభై కిలోల దాకా ఉప్పు పడుతుంది. ఈ ఉప్పు సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పరిశ్రమ ఒక నదిని పాడుచేసిన కథలో దీనికి పెద్ద పాత్రే ఉంది. టానరీలో తోళ్లను మొదట నీళ్లలో నానవేసి, ఉప్పూ రక్తమూ మట్టీ వదిలించి, ఒలిచిన నాటి మెత్తదనానికి తెస్తారు. తరువాత సున్నపు గుంతలో వేస్తారు. సున్నం క్షారం కనుక వెంట్రుకల మొదళ్లను పట్టి ఉంచే కెరాటిన్‌ను వదులు చేస్తుంది, నారలను ఉబ్బించి ఒకదాన్నుంచి ఒకటి విడేలా చేస్తుంది. పాత పద్ధతిలో తోలును ముందుగా వాడేసిన పాత సున్నంలోనూ, తరువాత కొత్త సున్నంలోనూ దించి, రోజూ పైకి లాగి తిరిగి వేస్తూ వారానికి అటూఇటూగా ఉంచేవారు. సోడియం సల్ఫైడ్ కలిపే నేటి పద్ధతిలో అదే పని ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. సున్నం తక్కువైతే నారలు విడక తోలు బిరుసెక్కుతుంది, ఎక్కువైతే నారల అల్లిక వదులై తోలు సత్తువ లేకుండా గుల్లబారుతుంది. ఎన్నాళ్లు చాలునో చేతితో పట్టి, బొటనవేలితో వెంట్రుకను నెట్టి చూసి తేల్చిన పనివారి మీదే సరుకు నాణ్యమంతా ఆధారపడేది.

సున్నం దిగిన తోలును వాలుగా నిలిపిన గుండ్రటి దూలం మీద పరిచి, రెండు వైపులా పిడులున్న మొద్దు కత్తితో వెంట్రుక తోస్తారు. తిరగేసి, అదే ఆకారపు పదునైన కత్తితో కండా కొవ్వూ గీకేస్తారు. ఇప్పుడు మరచుట్టల మీద స్టీలు బ్లేళ్లున్న యంత్రాలు ఈ పని చేస్తున్నా, చెయ్యి తిరిగిన పనివాడు దూలం మీద గీకిన తోలులో ఉండే సమతలం యంత్రానికి చాలాకాలం పట్టుబడలేదు. ఆపైన నారల్లో మిగిలిన సున్నాన్ని వదిలించాలి. మెత్తని మేకతోలుకైతే నారల మధ్య అంటుకున్న అనవసరపు మాంసకృత్తులను కూడా కొంత కరిగించాలి. ఐరోపాలో ఈ కరిగించే పనికి శతాబ్దాలపాటు కుక్కల మలాన్నీ పావురాల రెట్టనూ గోరువెచ్చని నీళ్లలో కలిపి వాడారు. ఆ పనిచేసేది మలంలోని ఎంజైములని తెలిశాక, జర్మనీకి చెందిన ఓటో రోమ్ 1907లో పశువుల క్లోమగ్రంథి ఎంజైములతో తయారైన పొడికి పేటెంటు తీసుకున్నాడు. అది మార్కెట్‌లోకి వచ్చాక ఐరోపా టానరీల నుంచి ఆ దుర్గంధం కొంత తగ్గింది. తోళ్ల పని అనగానే మూతి ముడిచే మర్యాదస్థులు లండన్‌లోనూ తక్కువగా లేరు. అక్కడ కూడా టానరీలు థేమ్స్ నదికి దక్షిణాన బెర్మండ్సీలోనే, ఊరి పెద్దల ఇళ్లకు దూరంగా ఉండేవి.

తెలుగునాట ఈ పనులన్నీ మాదిగ వాడలో జరిగేవి. నేలలో పాతిన బానో, తొట్టో, గుంతో ఏదైనా లంద అనే పేరుతో పిలిచేవారు. లందలో తంగేడు చెక్కా, తుమ్మ చెక్కా, కరక్కాయా ఊరినప్పుడు దిగే వగరు ద్రవంలో తోలు నానేది. వగరుకు కారణమైన పదార్థం టానిన్. లేత తంగేడు కొమ్మ బెరడును నమిలితే నాలుక ముడుచుకున్నట్లయ్యేది దీనివల్లనే. నాలుక మీది మాంసకృత్తులతో అది ఎలా ముడిపడుతుందో తోలులోని కొల్లాజెన్‌తోనూ అలాగే ముడిపడి, నారల మధ్య నీటి స్థానాన్ని తాను ఆక్రమిస్తుంది. లందలో ఊరిన తోలుతో ఊరికి కావలసిన చెప్పులు, పగ్గాలు, కాడి వార్లు, డప్పులు, అన్నిటికంటే ముఖ్యంగా బావుల నుంచి నీరు తోడే కపిల తొండాలు తయారయ్యేవి. రాయలసీమలో కపిల అనీ తెలంగాణలో మోట అనీ పిలిచిన ఆ ఏర్పాటు ఎద్దులతో, తోలు సంచితో, తోలు తొండంతో నడిచేది. మాదిగల పనిముట్లయిన ఆరె, రంపె ఆగితే ఎన్నో మెట్ట ఊళ్లలో సేద్యం ఆగవలసిందే. అందుకు ప్రతిఫలం నగదు కాదు, పంటనూర్పు నాడు కళ్లంలో కొలిచే మేర. చచ్చిన పశువు మీద హక్కు మాదిగలది, దానికి బదులుగా రైతు వ్యవసాయానికి కావలసిన తోలు సామాను ఇవ్వవలసిన బాధ్యతా వారిదే. ఈ ఒప్పందంలో న్యాయం ఎంత, వెట్టి ఎంత అన్నది ఊరూరికీ మారినా, పని చేసేవాడిని అంటరానివాడిగా ఉంచి పని మాత్రం అందరూ వాడుకోవడంలో ఊళ్ల మధ్య తేడా లేదు.

మద్రాసు నుంచి విదేశాలకు వెళ్లిన తోలు ఈ లందల్లోది కాదు, అయితే దీని మూలం అక్కడే ఉంది. చార్లెస్ డిసూసా అనే ఆంగ్లో ఇండియన్ పుదుచ్చేరి నుంచి మద్రాసు వచ్చి, పట్నానికి దక్షిణాన ఉన్న పల్లావరంలో తోళ్ల పని మొదలుపెట్టి, స్థానికంగా వాడుకలో ఉన్న తంగేడు పదునును ఎగుమతికి పనికొచ్చేలా సంస్కరించినట్లు మద్రాసు ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1904లో వెలువరించిన మోనోగ్రాఫ్ వంటి వ్రాతలు చెబుతాయి. డిసూసా చేర్చాడని చెప్పే ముఖ్యమైన మెట్టు ఒకటే: తంగేడులో పదునయిన తోలును ఆఖరున కరక్కాయ నీళ్లలో ఉంచడం. చూడడానికి చిన్న పని, కానీ ఎగుమతి వ్యాపారమంతా దీని మీదే నిలబడింది. తంగేడు చెక్కలోని టానిన్‌కు ఒక గుణముంది: దానితో పదునయిన తోలుకు వెలుతురు తగిలితే క్రమంగా ఎర్రబడుతుంది. ఎర్రబడిన తోలు మీద లేత రంగులు నిలవవు కాబట్టి ఆంగ్ల వర్తకుడు ధర తగ్గిస్తాడు. కరక్కాయలో ఉండేది వేరే జాతి టానిన్. అది తోలు మీద లేత పసుపు పూత పూసి, ఎరుపు పైకి రాకుండా అడ్డుకుంటుంది. పల్లావరంలో మొదలైన ఈ పద్ధతి తరువాతి దశాబ్దాల్లో వాణియంబాడి, ఆంబూరు, పేర్నాంబట్టు, రాణిపేట, దిండిగల్లు, తిరుచ్చిల దాకా పాకింది. తమిళ ముస్లిం వర్తకులు పెట్టుబడి పెట్టారు, మద్రాసులోని పెరియమేట్ తోళ్ల మండీలకు కేంద్రమైంది. కోస్తా, దత్తమండల జిల్లాల్లో సేకరించిన పచ్చితోళ్లు కూడా రాజధాని దారి పట్టాయి. ఊళ్లో లందకు చేరవలసిన తోలు ఊరు దాటి బేరానికి పోవడం మొదలయ్యాక దాని ధర పెరిగింది; మాదిగ కుటుంబానికి చచ్చిన పశువు మీద ఉన్న పాత హక్కు గుత్తేదార్ల చేతుల్లోకి జారడం, ఊళ్లో చెప్పుకూ తొండానికీ తోలు కరువవడం ఈ మార్పు తాలూకు రెండో ముఖం.

తంగేడు పదును ఎలా సాగేదో కొంచెం దగ్గరగా చూడదగ్గది. మెట్ట చేల గట్ల మీద విరగబూసే ఈ పొదను తెలుగువారు బతుకమ్మలో పేరిస్తే, టానరీ వారు దాని పూవును వదిలి బెరడును కొన్నారు. తంగేడు బెరడులో నూటికి పద్ధెనిమిది పాళ్ల దాకా టానిన్ ఉంటుంది. కొమ్మలను కొట్టి బెరడు వలిచి, రోళ్లలో నలగ్గొట్టి, గుంతల్లో నీళ్లతో కలుపుతారు. సున్నం వదిలిన తోళ్లను మొదట బాగా పలచని, ఇప్పటికే వాడిన ద్రవంలో వేయడం ఈ పనికి ప్రాణం. కొత్త ఘాటు ద్రవంలో ఒక్కసారే వేస్తే పై నారలు వెంటనే ముడుచుకుని తలుపు మూసినట్లవుతాయి, టానిన్ లోపలికి దిగదు. తోలు పైకి గట్టిగా కనిపించి, కోస్తే మధ్యలో పచ్చిగా తెల్లని చార మిగులుతుంది. అందుకని రోజురోజుకూ ఘాటు పెంచుతూ, పనివారు తొడల లోతు ద్రవంలో దిగి తోళ్లను తిప్పుతూ, కాళ్లతో తొక్కుతూ, ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి మార్చుతూ వారాలపాటు నడిపేవారు. పదును పూర్తయిందా లేదా అన్నది మందమైన మెడ దగ్గర చిన్న కోత కోసి చూసేవారు. కోత అంచు ఒకే రంగులో ఉంటే తోలు లోపలిదాకా ఊరినట్లు. చివరికి కరక్కాయ నీళ్లలో ఒకటి రెండు రోజులు ఉంచి, పిండి, నువ్వుల నూనో కానుగ నూనో రాసి, నీడలో దండెం మీద ఆరవేసి, రాతి పలక మీద పరచి మొద్దు అంచుతో తోసి ముడతలు తీసేవారు. అక్కడితో మద్రాసులో పని ముగిసేది. తూకం, మందం, మచ్చలను బట్టి వేరుచేసి కట్టలు కట్టి ఓడకెక్కించేవారు. లండన్‌లో పౌను లెక్కన వేలం పాడేవారు.

అక్కడ కొన్న టానర్ ముందుగా ఏం చేసేవాడంటే, మద్రాసులో ఎక్కిన నూనెనూ టానిన్‌లో కొంత భాగాన్నీ కడిగి వదిలించి, తన దగ్గరున్న వగరుతో మళ్లీ పదునెక్కించి, రంగు వేసి, మెరుగు దిద్ది, నార్తాంప్టన్ జోళ్ల కంపెనీలకు ఎన్నో రెట్ల ధరకు అమ్మేవాడు. మన పనివారు దిగిన సున్నపు గుంత, కండ గీకిన దూలం, తొడల లోతు ద్రవం ఇంగ్లండులో అతనికి ఖర్చులోకి రావు. దుర్గంధమూ, బరువూ, సమయమూ ఎక్కువగా తినే పనులు ఇక్కడ జరిగిపోయేవి, లాభం ఎక్కువగా మిగిలే పనులు అక్కడ జరిగేవి. భారతదేశపు వగరు పదార్థాల విలువను బ్రిటిష్ శాస్త్రం చాలాముందే కొలిచి ఉంచింది కూడా. హంఫ్రీ డేవీ 1803లో రాయల్ సొసైటీకి సమర్పించిన పరిశోధనలో, మనవారు తాంబూలంలో వేసుకునే కాచు ఒక పౌను ఏడెనిమిది పౌన్ల ఓక్ చెక్కకు సాటి అని తేల్చాడు. ఓక్ చెక్కతో అడుగు తోలు పదును చేయడానికి ఏడాదికి పైగా పట్టే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ ఏర్పాటు అర్ధశతాబ్దం గడిచేసరికి దెబ్బ తిన్నది, అయితే ఆ దెబ్బ ఇంగ్లండు నుంచి కాక అమెరికా నుంచి వచ్చింది. ఖనిజ లవణాలతో తోలును పదును చేయవచ్చని జర్మనీలో ఫ్రీడ్రిక్ క్నాప్ 1858లోనే చూపించినా అది పుస్తకంలోనే మిగిలింది. అద్దకపు రసాయనాలు అమ్మే ఆగస్టస్ షుల్జ్ అనే న్యూయార్క్ వాసిని స్త్రీల కార్సెట్లలోని ఇనుప పట్టీలకు తుప్పు పట్టించని తోలు కావాలని ఒకరు అడగడంతో, అతను క్రోమియం లవణాలతో ప్రయోగాలు చేసి 1884లో రెండు స్నానాల పద్ధతికి పేటెంటు పొందాడు. 1893లో మార్టిన్ డెనిస్ ఒకే స్నానంతో అదే పని చేసే పద్ధతిని అమ్మకానికి తెచ్చాడు. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ ఫోర్డరర్ మేకతోలును క్రోమ్‌తో పదును చేసి అద్దంలా మెరిసే ‘వీసీ కిడ్’గా అమ్మడం మొదలుపెట్టాక, అమెరికా కంపెనీలకు కావలసింది తంగేడు ఎక్కిన తోలు కాదు, పచ్చి మేకతోలు. ఒకసారి వగరెక్కిన తోలు క్రోమ్‌కు అంత బాగా పనికిరాదు. కనుక మద్రాసు, కలకత్తా మండీల్లో పచ్చి మేకతోళ్ల ధర ఎగబాకింది, అవి నేరుగా అమెరికా ఓడలెక్కాయి. పదును చేసి అమ్మే మద్రాసు టానరీలకు ముడిసరుకు కరువై, అంతవరకు సగంలో ఆగిన పని ఇప్పుడు మొదలుకాకుండానే చేజారే పరిస్థితి వచ్చింది.

చాటర్టన్ 1903లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో క్రోమ్ పదును ప్రయోగాలు ప్రారంభించడానికి ఇదీ ఒక నేపథ్యమే అయినా, ఆయన మొదట ఎంచుకున్న సరుకు బూట్లూ సింగారపు సంచులూ కాదు, బావుల కపిల తోలు సంచులు. తంగేడు తోలు నిత్యం తడుస్తూ ఆరుతూ ఉంటే టానిన్ కరిగిపోయి త్వరగా పాడవుతుంది. క్రోమ్ తోలు నీటికి లొంగదు. రైతుకు చవగ్గా ఎక్కువ కాలం మన్నే తొండం ఇవ్వగలిగితే పరిశ్రమ దానంతట అదే నిలుస్తుందన్నది ఆయన లెక్క. ప్రభుత్వమే ఫ్యాక్టరీ నడిపి దారి చూపాలన్న ఆలోచన తప్పని 1910లో భారత వ్యవహారాల మంత్రి మోర్లీ ప్రభువు ఆదేశమివ్వడంతో, ప్రభుత్వ క్రోమ్ టానరీ చేతులు మారింది. అయినా జి. ఎ. చాంబర్స్ 1912లో పల్లావరం దగ్గర నెలకొల్పిన క్రోమ్ లెదర్ కంపెనీ నిలిచింది; ఆ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన పేటనే నేడు క్రోమ్‌పేట అంటున్నాం.

క్రోమ్ పదును గుంతల్లో కాక డ్రమ్ముల్లో జరుగుతుంది. మనిషి నిలువు ఎత్తున్న కొయ్య డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ లోపలి తోళ్లను ఎత్తి కిందికి పడవేస్తుంటుంది. తొక్కే కాళ్ల పని ఇలా యంత్రానికి బదిలీ అయింది. ముందుగా తోళ్లను ఉప్పు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన నీళ్లలో తిప్పుతారు, ఎందుకంటే ఆమ్లంలో క్రోమియం పై నారలకు వెంటనే ముడిపడిపోకుండా లోపలికి దిగుతుంది. ఆపైన క్రోమియం సల్ఫేట్ పోస్తారు. అది లోపలిదాకా దిగిందని తేలాక సోడా కొద్దికొద్దిగా వేసి ఆమ్లాన్ని తగ్గిస్తే, క్రోమియం కొల్లాజెన్ గొలుసులతో గట్టిగా ముడిపడుతుంది. తంగేడుకు వారాలు పట్టిన పని ఒక్క రోజులో ముగుస్తుంది. డ్రమ్ము లోంచి తీసిన తోలు నీలి ఆకుపచ్చ వన్నెలో ఉంటుంది, అందుకే దాన్ని ‘వెట్ బ్లూ’ అంటారు. పదును తేలిందా లేదా చూడడానికి ప్రతి టానరీలో ఒక పరీక్ష ఉంది: వెట్ బ్లూ అంచున చిన్న ముక్క కోసి, కాగితం మీద అచ్చుగీత గీసి, మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీసి, గీత మీద పెట్టి చూస్తారు, గీతకు సరిపోతే పదును చాలు, ముడుచుకుంటే ఇంకా తిప్పాలి. పచ్చితోలు అరవై, అరవై అయిదు డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది, తంగేడు తోలు డెబ్బయి అయిదుకు ఇటూఅటూగా. క్రోమ్ తోలు మరుగు నీటిని కూడా తట్టుకుంటుంది. ఈ తేడా బూటుకు వేడి రబ్బరు అడుగు అంటించే కాలంలో ఎంతో ముఖ్యమైంది.

మొదటి ప్రపంచ యుద్ధం మద్రాసు తోలు విలువను మళ్లీ పెంచింది. సైనికుల బూట్ల పైభాగాలకు ఈస్టిండియా కిప్‌లు అవసరమై ప్రభుత్వం ఆ సరుకు మీద పెత్తనం చేపట్టింది. 1917లో యుద్ధ సామగ్రి సమకూర్చే ఇండియన్ మ్యునిషన్స్ బోర్డు ఏర్పడింది. 1919లో ముడి తోళ్ల ఎగుమతి మీద నూటికి 15 వంతుల సుంకం వేశారు. అయితే సామ్రాజ్యంలోని దేశాలకు పోయే సరుకుకు అందులో 10 వంతులు తిరిగి ఇచ్చేలా మినహాయింపు పెట్టారు. మనదగ్గర పదును పెరగాలన్న ఆశ ఒక చేత్తో ఇచ్చి, ముడి తోలు బ్రిటిష్ టానర్లకే చేరాలన్న ఆశ రెండో చేత్తో నిలబెట్టుకున్న ఈ సుంకాన్ని 1923లో నూటికి 5కి తగ్గించేశారు. ఇదే కాలానికి తంగేడు చెక్క చాలక, దక్షిణాఫ్రికా తోటల్లో పెరిగిన వాటిల్ చెక్క మద్రాసు గుంతల్లోకి దిగడం మొదలైంది.

సింగారపు పనిని మనవాళ్లు చేతబట్టడం స్వాతంత్ర్యం తరువాతి కథ. ఆ పని జరిగే చోటును మెరుగు గది అందాం. వెట్ బ్లూను ముందుగా రోలర్ల నడుమ పిండి, మందం ఎక్కువైతే రెండు పొరలుగా చీల్చి, అడుగు వైపు నుంచి స్టీలు బ్లేళ్లతో గీకి బూటు పైతోలుకైతే మిల్లీమీటరు పైచిలుకు మందానికి దించుతారు. అక్కడ నుంచి అద్దకం. రంగు నారల్లోకి దిగాక ఫ్యాట్ లిక్కర్ అనే నూనె మిశ్రమం ఎక్కిస్తారు. నీళ్లలో కలిసిపోయేలా చేసిన ఈ నూనె నారలను ఒకదానితో ఒకటి అంటుకోనివ్వదు, లేకుంటే ఆరిన తోలు రేకులా బిగుస్తుంది. ఆరాక యంత్రంతో నలిపి, చట్రాల మీద క్లిప్పులతో లాగి కట్టి, సాగిన ఆకారంలోనే నిలబెడతారు. ఇక్కడిదాకా వచ్చిన తోలు ‘క్రస్ట్’. చివరి పని పైవైపు: వెంట్రుకలు ఉన్న వైపునే గ్రెయిన్ అంటారు, దాని మీది రంధ్రాల అమరికే ఏ జంతువు తోలో చెబుతుంది. మేకతోలును మెరిపించేటప్పుడు గుడ్డు తెల్లసొన, పాలు, రక్తం వంటి మాంసకృత్తుల పూత రాసి, అగేటు రాతి రోలరుతో ఒత్తిడిగా రాపిడి చేస్తే అది అద్దంలా తేలుతుంది. ఇప్పుడు రెజిన్లు, వర్ణకాలు పిచికారీతో పూస్తారు. తోలు పైభాగం బాగుంటే పూత పలచగా సరిపోతుంది. మన ఎద్దుల మీద వాతల మచ్చలు, ముల్లుగర్ర గీతలు, కాడి ఒరుసుకున్న మెడ, పిడుదుల గాట్లు చాలాకాలం మన తోలు ధరను దించాయి. అలాంటి తోలు పైభాగాన్ని కాగితంతో గరుకు చేసి, మందపాటి పూత వేసి, అచ్చు పలకతో కృత్రిమ రంధ్రాలు ఒత్తి కప్పిపెడతారు. అంగడిలో ‘కరెక్టెడ్ గ్రెయిన్’ అని అమ్ముతున్నది ఇదే. ఆఖరున కొలత యంత్రంలో దూరి తోలు చదరపు అడుగుల లెక్కకు వస్తుంది. తూకం లెక్కన లండన్‌లో అమ్ముడయిన సరుకుకూ దీనికీ అసలు తేడా ఈ గదిలోనే పుట్టింది: టన్ను పచ్చితోలు నుంచి మెరుగైన తోలు వచ్చేది రెండు వందల నుంచి రెండు వందల యాభై కిలోల దాకానే కాబట్టి, బరువు పోయిన ప్రతి మెట్టులో విలువ చేరాలి.

ఈ విలువను ఇక్కడే నిలుపుకోవడానికి 1948 ఏప్రిల్ 24న మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ప్రారంభమైంది. 1958లో దానికి డైరెక్టరయిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టి, బెనారస్‌లో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చినవారు. మేరలెక్కన బతికిన లంద పనికీ, డ్రమ్ముల రసాయనశాస్త్రానికీ నడుమ ఉన్న దూరాన్ని తన చుట్టూ చూసిన ఆయన, సంస్థను ప్రయోగశాల నాలుగు గోడల్లో ఉంచక గ్రామాల వాడల దాకా, చిన్న టానరీల దాకా తీసుకువెళ్లారు, 1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న అట్లాంటిక్ సముద్రం మీద కూలిన కనిష్క విమానంలో మరణించారు. ఆయన కాలంలో పెరిగిన సాంకేతిక బలం మీద ఆధారపడే 1972లో ప్రభుత్వం నియమించిన సీతారామయ్య కమిటీ, సగం పదును సరుకు ఎగుమతిని తగ్గించి, పూర్తయిన తోలు, బూట్లు, సంచుల ఎగుమతిని పెంచాలని సిఫారసు చేసింది. 1973 నుంచి సగం పదును తోలు మీద ఆంక్షలు పడ్డాయి. వాణియంబాడి, రాణిపేట టానరీలు మెరుగు యంత్రాలు కొన్నాయి. వంద సంవత్సరాలకు పైగా ఆగిన అంచెను మెల్లగా దాటారు.

దాటిన అంచెతోపాటు ఇంగ్లండులో కడిగిన మురికి కూడా ఇక్కడికే వచ్చింది. నంది కొండల్లో పుట్టి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు ఒడ్డునే ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట ఉన్నాయి. కిలో పచ్చితోలుకు 30, 40 లీటర్ల నీళ్లు వాడేవారు. డ్రమ్ములో పోసిన క్రోమియంలో మూడింట రెండు వంతుల దాకా తోలు తీసుకుంటే మిగతాది నీళ్లతో బయటికి పోయేది. దీనికి తోడు పచ్చితోళ్లను నానవేసినప్పుడు దిగే ఉప్పు. క్రోమియాన్ని అవక్షేపంగా కిందికి దించవచ్చు, తిరిగి వాడుకోవచ్చు, ఉప్పు మాత్రం నీళ్లలోనే ఉండి బావులకు, పొలాలకు చేరుతుంది. బావుల నీళ్లు ఉప్పనయ్యాయి, కొబ్బరి తోటలు దెబ్బతిన్నాయి. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని భారత చట్టంలో భాగంగా స్థిరపరచి, ఒక్కో టానరీ మీద పదివేల రూపాయల జరిమానా విధించి, శుద్ధి యంత్రాలు పెట్టని వాటిని మూయమంది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. తరువాతి సంవత్సరాల్లో నీటిని వదలకుండా ఆవిరి చేసి ఉప్పు మిగిల్చే ఏర్పాట్లూ వచ్చాయి, ఆ ఉప్పు మూటలను ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

క్రోమ్ మీద వచ్చిన అనుమానాలతో, క్రోమ్ లేని తోలు కావాలనే ఐరోపా కొనుగోలుదారులు మళ్లీ చెక్క పదును వైపు చూస్తున్నారు. దిండిగల్లు, తిరుచ్చిల్లో గుంతలు, దూలాలు ఇంకా ఉన్న కొద్దిపాటి టానరీలకు దీనితో గిరాకీ పెరిగింది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో తమిళనాడు ‘ఇ.ఐ. లెదర్’ పేరుతో ఆ తోలును భౌగోళిక గుర్తింపు సరుకుగా నమోదు చేయించింది, ఇ.ఐ. అంటే ఈస్టిండియా. ఆ పేరు కింద పదునయ్యే తోలు గుంతల్లో తంగేడు చెక్క పాలు ఇప్పుడు తక్కువ, వాటిల్ చెక్క సారం ఎక్కువ, కరక్కాయ మాత్రం డిసూసా పెట్టిన చోటనే, చివరి గుంతలోనే ఉంది.

(తరువాయి వచ్చే సంచికలో)